పిల్లతో పాటు పిల్ల సంగతి

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట పెళ్లి జరిగినా నాకు రిసెప్షన్‌కే పిలుపు వస్తుంది. ముహూర్తానికి రమ్మని ఒక్కరూ అనరు. మొదట్లో ఒళ్లు మండేది. ఇరవై ఏళ్లకు పైగా విడాకుల కేసులు చూస్తున్న మనిషిని తాళి కట్టే చోట ముందు వరసలో కూర్చోబెట్టడానికి ఏ తల్లికి మాత్రం మనసొప్పుతుంది అని ఇప్పుడు నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. రిసెప్షన్‌కు వెళ్తాను, కడుపు నిండా తింటాను, వచ్చేముందు పెళ్లికొడుకు చెవిలో "నా నంబరు నీకు ఎప్పటికీ పనికిరాకూడదు నాయనా" అని దీవించి వస్తాను. వాడు నవ్వుతాడు. వాళ్లమ్మ నవ్వదు.

ఆఫీసు గచ్చిబౌలిలో, ఒక కర్రీ పాయింట్ పైన రెండో అంతస్తులో ఉంది. పదకొండయ్యేసరికి కింద గుత్తొంకాయ పోపు ఘాటు మా ఫైళ్లదాకా వస్తుంది. మా క్లయింట్లు ఎక్కువమంది ఐటీ వాళ్లు. మధ్యాహ్నం భోజనం మానుకుని, మెడలో కంపెనీ ట్యాగు కూడా తీయకుండా వస్తారు. ఏడుపు మధ్యలో ఫోన్ మోగితే "రెండు నిమిషాల్లో జాయిన్ అవుతున్నా" అని మామూలు గొంతుతో చెప్పి, పెట్టేసి, మళ్లీ ఏడుస్తారు. మొదట్లో ఇది చూసి విడ్డూరమనుకున్నాను. ఇప్పుడు వాళ్లకు ఫోన్ పెట్టేసేదాకా మంచినీళ్లు పోసి ఉంచుతాను.

నా బల్ల మీద పల్లి పట్టీల డబ్బా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. భార్యాభర్తలు గొంతు పెంచుతున్నారనిపించగానే మూత తీసి చెరొకటి ఇస్తాను. పెద్దావిడ ఇచ్చింది కదా అని కాదనలేక తీసుకుంటారు. నోట్లో పల్లి పట్టీ పెట్టుకుని ఎవరూ అరవలేరు. కొరకాలి, నమలాలి, పళ్లలో ఇరుక్కున్న ముక్కను నాలుకతో తీసుకోవాలి. ఆలోపు అనబోయిన మాటలో సగం మర్చిపోతారు. లా కాలేజీలో నేర్పని కిటుకు నా దగ్గర ఇదొక్కటే అని జూనియర్లతో గొప్పలు పోతుంటాను. నిజానికి ఇంకొకటి ఉంది. అది నాది కాదు, మా అమ్మది.

నేను బాలానగర్‌లో పుట్టి పెరిగాను. నాన్న ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. రెండు గదుల కిరాయి ఇల్లు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో మాత్రలు ప్యాకింగ్ చేసే ఆడవాళ్లు పొద్దున్నే తమ పిల్లల్ని మా అమ్మ దగ్గర దింపి పనికి పోయేవారు. పైన కొక్కేలకు రెండు చీర ఉయ్యాలలు, కింద బొంత మీద నలుగురైదుగురు పిల్లలు. చీమిడి ముక్కులు, పాల వాసన, ఒకడు ఆపితే ఇంకొకడు ఎత్తుకునే ఏడుపు. స్కూలు నుంచి వచ్చిన నాకు నా ఇంట్లోనే కూర్చోవడానికి జాగా ఉండేది కాదు. ఆ పిల్లలంటే నాకు పరమ మంట.

సాయంత్రం ఫ్యాక్టరీ సైరన్ మోగగానే తల్లులు పరుగున వచ్చేవారు. పిల్లను చంకనేసుకుని బస్సు అందుకోవాలని వాళ్ల ఆత్రం. మా అమ్మ మాత్రం గడపలో పిల్లను ఎత్తుకుని నిలబడి ఇచ్చేది కాదు.

"బస్సు పోతది అక్కా, జల్ది ఇయ్యి."

"పోతె ఇంకోటి వస్తది. ఆగు. పొద్దుగాల పాలు మంచిగనే తాగిండు. పగటీలి రెండు ముద్దలే తిన్నడు, దవడ పన్ను వస్తున్నట్టుంది. పండుకునేటప్పుడు కుడిదిక్కు తిరిగిండు. పిల్లిని చూసి జడుసుకున్నడు, రాత్రి కలవరిస్తె పేరు పెట్టి పిలువు, లేపకు. ఇగ తీస్కపో."

అంతా చెప్పాకే పిల్లవాడు చేతులు మారేవాడు. రోజూ ఇదే తంతు. ఎందుకమ్మా ఈ పురాణం, ఇచ్చేస్తే పోదా అని నేను విసుక్కుంటే, "పిల్లను ఇచ్చినమంటె పిల్ల సంగతి గూడ ఇయ్యాలె. లేకుంటె సగం పిల్లను ఇచ్చినట్టే," అనేది.

నాకు పదేళ్లున్నప్పుడు ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఒక పిల్లవాడి తండ్రి వచ్చాడు. భార్య పంపిందని అబద్ధం చెప్పి, అమ్మ నోరు తెరిచేలోపే కొడుకును భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం తల్లి వచ్చాక తెలిసింది, మొగుడూ పెళ్లాలు విడిపోయారని. తర్వాత పెద్దమనుషులు కూర్చుని, బాబు తండ్రి దగ్గరే ఉండాలని తేల్చారు. అందులో న్యాయమెంతో నాకు అప్పుడు తెలియదు. తెలిసిందల్లా మా అమ్మ అన్నం మానేసిందని. "ఎవలది తప్పో నాకెందుకు. ఆ పిలగాడు ఎడమ చెవి పట్టుకుంటె గాని పండుకోడు. ఆ సంగతి వాళ్లకు తెల్వది," అని ఒకటే పాట.

వాళ్లు ఫతేనగర్ దిక్కు ఉంటారని మాత్రం తెలుసు. ప్రతి ఆదివారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరేది. కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, మంగలి షాపు, ఎక్కడపడితే అక్కడ ఆగి ఆనవాళ్లు చెప్పి అడిగేది. నాకు కాళ్లు పీకేవి, సిగ్గేసేది. మూడో ఆదివారం ఇల్లు దొరికింది. తలుపు తీసింది పిల్లవాడి నానమ్మ. మా అమ్మ లోపలికి కూడా పోలేదు. గడప బయటే నిలబడి, "పిలగాడు పండుకునేటప్పుడు ఎడమ చెవి పట్టుకోవాలె పెద్దమ్మా, గట్టిగ కాదు, జర," అని చెప్పింది. ఆ ముసలావిడ గుండె మీద చెయ్యి వేసుకుని, "అయ్యో నా తల్లీ, ఇరవై దినాల సంది ఇల్లంత జాగారమే గద," అని మా ఇద్దరినీ లోపలికి లాక్కెళ్లి చాయ్ పోసింది. ఆ పూట ఇంటికొచ్చి అమ్మ కడుపు నిండా అన్నం తిన్నది.

నేను సాయంత్రం కాలేజీలో లా చదివి, భూముల కేసులు చూసే ఒక సీనియర్ దగ్గర చేరాను. ఆఫీసులో ఆడ లాయర్ ఉందని ఆయన ఆడవాళ్ల కేసులన్నీ నా బల్ల మీదికి తోసేవాడు. సణుగుతూ మొదలుపెట్టి అందులోనే ఉండిపోయాను. సొంత ఆఫీసు పెట్టాక అమ్మ పద్ధతిని కాగితం మీదికి తెచ్చాను. పిల్లలున్న జంట ఎవరొచ్చినా, తల్లికీ తండ్రికీ చెరొక తెల్లకాగితం ఇస్తాను. ఒకరినొకరు అడక్కుండా, తమ బిడ్డ గురించి తెలిసిందంతా చేత్తో రాయాలి. ఏం తింటుంది, ఎటు తిరిగి పడుకుంటుంది, దేనికి భయపడుతుంది, చెప్పుల సైజెంత, జ్వరమొస్తే ఏం చేయాలి. మా ఆఫీసులో దాన్ని అప్పగింత కాగితం అంటాం. కోర్టుకు చూపించను. ఎవరినీ ఓడించడానికి వాడను. ఒకాయన చెప్పుల సైజు దగ్గర ఆగిపోయి, పెన్ను కింద పెట్టి, వరండాలో పావుగంట నిలబడి వచ్చాడు. వచ్చాక కొట్లాట మాట ఎత్తలేదు. చాలా కేసుల్లో నా వాదన కంటే ఆ కాగితమే ఎక్కువ పని చేసింది.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక జంట వచ్చారు. ఇద్దరూ ఐటీ, ఇద్దరి ఆఫీసులూ ఎత్తైన టవర్లలోనే. ఆమెది గోదావరి వైపు, అతనిది వరంగల్ వైపు. మూడున్నరేళ్ల పాప. ఒకే కారులో కలిసి వచ్చారు, లిఫ్టులో ఒకరికొకరు తలుపు పట్టుకున్నారు. నేను పల్లి పట్టీల డబ్బా దగ్గర చెయ్యి సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను గానీ అవసరమే రాలేదు.

"మేం అరుచుకోవడం మానేశామండి," అంది ఆమె. "రెండేళ్లు అరుచుకున్నాం. ఇంక ఓపిక లేదు. మర్యాదగా విడిపోదామనుకుంటున్నాం."

అన్నీ పంచుకుని వచ్చారు. ల్యాప్‌టాప్ తెరిచి రంగురంగుల పట్టిక చూపించారు. సోమవారం నుంచి శుక్రవారం సాయంత్రం దాకా పాప గచ్చిబౌలిలో తల్లి దగ్గర. శని, ఆదివారాలు కోకాపేటలో తండ్రి దగ్గర. తల్లి ఆఫీసు కిందే పిల్లల్ని చూసుకునే సెంటర్ ఉంది కాబట్టి పగటిపూట పాప అక్కడ. పుస్తకాల బీరువా ఆమెకు, సోఫా అతనికి, గాజు తొట్టెలో ఉన్న నాలుగు చేపలు పాప ఎక్కడుంటే అక్కడికి. చేపలను కూడా మర్చిపోని మనుషులు అని ముచ్చటేసింది.

ఇది మా అమ్మ పద్ధతి అంటూ అప్పగింత కాగితం సంగతి చెప్పగానే అతని ముఖం వెలిగింది. "ఓ, కేటీ డాక్యుమెంట్ మేడం! అర్థమైంది. వారంలో ఇచ్చేస్తాం." వాళ్ల ఆఫీసుల్లో ఒకరు ప్రాజెక్టు వదిలిపోతుంటే, తమకు తెలిసిన పనంతా తర్వాత వచ్చేవాళ్లకు నేర్పి పోవాలి. దాన్నే కేటీ అంటారట. మా అమ్మ గడపలో నిలబడి చేసినదానికి ఇంత గొప్ప పేరుందని నాకు ఆ రోజే తెలిసింది.

చేత్తో రాయమన్నానా, ఇద్దరూ టైపు చేసుకొచ్చారు. చెరి పదకొండు పేజీలు. చదివి నేను నమ్మలేకపోయాను. ఒక్క ఖాళీ లేదు. చెప్పుల సైజుతో పాటు ఏ కాలి చెప్పు ముందు వేసుకుంటుందో కూడా ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మాట మాటకూ సరిపోయాయి. ఇన్నేళ్లలో ఇంత తెలిసిన తల్లిదండ్రులను చూడలేదు. పేర్లు కొట్టేసి ఒక కాపీ నమూనాగా దాచమని జూనియర్‌కు కూడా ఇచ్చాను.

అమ్మ ఇప్పుడు నాతోనే ఉంటుంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి చింతచిగురు ఏరుతోంది. పక్కన కూర్చుని, ఎలాంటి జంట దొరికారో మురిసిపోతూ చెప్పాను. అంతా విని నవ్వింది.

"పిచ్చిదానా, పిల్ల అమ్మ కాడ ఒక తీరు ఉంటది, నాయిన కాడ ఒక తీరు ఉంటది. ఇద్దరు ఒక్కటే చెప్పిన్రంటె, ఇంకెవలో చెప్పిన్రు."

"కాలం మారిందమ్మా. ఇప్పటి తండ్రులు స్నానాలు కూడా చేయిస్తున్నారు."

"చేపియ్యని. ఎవలో చెప్పిన్రు."

నాకు కోపం వచ్చింది. ఈవిడకు నా కేసులు ఏం తెలుసు అనుకుని లేచి వెళ్లిపోయాను. ఇంట్లో ఉన్న పెద్దమనిషి మాట వినమని క్లయింట్లకు వారానికి నలుగురికైనా చెబుతాను. చెప్పేవి శ్రీరంగ నీతులు.

పిటిషన్ సోమవారం వేయాలి. అంతకు ముందు గురువారం, భోజనాల వేళ ఒకావిడ ఆఫీసుకు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, నేత చీర, చేతిలో టిఫిన్ సంచి. హౌస్‌కీపింగ్ పని కోసమేమో అనుకుని జూనియర్ ఖాళీ లేదని పంపించేయబోయింది. ఆవిడ కదల్లేదు. నేనే లోపలికి రమ్మన్నాను.

"నేను ఆ పాప ఆయమ్మను మేడం," అంది. ఏ పాపో చెప్పింది. ఒకసారి ఆ తల్లి ఇక్కడికి వచ్చినప్పుడు ఈవిడ పాపతో కింద కారులో కూర్చుందట. ఆ పూట తల్లి ఇంట్లోనే ఉండటంతో, కర్రీ పాయింట్ గుర్తుపెట్టుకుని షేర్ ఆటో ఎక్కి వచ్చింది. వాళ్లది పాలమూరు దిక్కు ఊరు. పాపకు నలభై దినాలు నిండినప్పటి నుంచి పొద్దున ఏడింటికి వెళ్లి, పాపను పడుకోబెట్టి ఇంటికి పోయే మనిషి.

"నెలాఖరుకు మానిపిస్తున్నరు. పైసల కోసం రాలె మేడం, నాకు ఇంకో ఇంట్ల పని దొరికింది."

"మరి?"

"పాపను ఎవలకు అప్పజెప్పాలె?"

అదంతా రాసేశామమ్మా అని నేను పాఠం అప్పజెప్పాను. సోమవారం నుంచి శుక్రవారం, శని, ఆదివారం. చిన్నపిల్ల ఎక్కాలు చెబుతుంటే విన్నట్టు ఆవిడ ఓపిగ్గా విన్నది.

"మీరు చెప్పేది పిల్ల యాడ ఉండాలెనని. నేను అడిగేది పిల్ల సంగతి ఎవలకు చెప్పాలెనని. అమ్మ ఫోన్ చేసి అడిగింది, గంట సేపు చెప్పిన. మర్నాడు సారు ఫోన్ చేసి అడిగిండు, అదే చెప్పిన. ఇద్దరు టకటక రాసుకున్నరు. రాసుకునుడు వేరె మేడం. పక్కన కూసోబెట్టుకొని చూపియ్యాలె గద."

ఆ పదకొండు పేజీలూ ఈవిడవే. ఒకరినొకరు అడగొద్దన్నాను గానీ ఆయమ్మను అడగొద్దని నేను చెప్పలేదు. ఐటీ బుర్రలు కదా, ఎవరికి బాగా తెలుసో వాళ్లను పట్టుకుని పని పూర్తి చేశారు. అంతవరకు వాళ్ల తప్పు కూడా లేదు. నా తప్పు పెద్దది. పిల్లల్ని సాకే పని చేసి మా అమ్మ నన్ను చదివించింది. ఆ ఇంటి నుంచి వచ్చిన నేను ఆ ఒప్పందం మొత్తం మూడుసార్లు దిద్దాను. నాలుగు చేపలు ఎవరి దగ్గర ఉండాలో ఉంది. ఆయమ్మ అన్న మాట ఒక్క చోట కూడా లేదు. నిజంగా సిగ్గేసింది. లేచి ఆవిడకు కుర్చీ జరిపి, నా టిఫిన్ డబ్బా తెరిచి చింతచిగురు పప్పు, అన్నం చెరిసగం పెట్టాను. ఆవిడ మొహమాటపడుతూ తింటూ, పాపకు కూడా ఈ పప్పు ఇష్టమని చెప్పింది. ఆ ముక్క పదకొండు పేజీల్లో లేదు.

ఆయమ్మ వెళ్లగానే ఇద్దరికీ ఫోన్ చేసి, శనివారం నాలుగింటికి ఆయమ్మతో సహా రావాలన్నాను. అతను నసిగాడు. శనివారం వాళ్ల ప్రాజెక్టు రిలీజ్ ఏదో ఉందట. నా నోరు మంచిది కాదు, ఆ రోజు మరీ జారింది.

"మీ ప్రాజెక్టులో అన్నీ తెలిసిన పాత మనిషి పోతుంటే ఫోన్లో గంట మాట్లాడి పంపించేస్తారా?"

"లేదు మేడం. నెల రోజులు పక్కన కూర్చోబెడతాం," అన్నాడు.

"మరి మీ పిల్ల విషయంలో?"

"వస్తాం మేడం."

శనివారం పాపను బంధువుల ఇంట్లో దింపి వచ్చారు. ఆయమ్మ కింద కూర్చోబోతే నేను ఒప్పుకోలేదు. కుర్చీ అంచున కూర్చుంది. వాళ్లిద్దరూ అలవాటుగా ల్యాప్‌టాప్‌లు తెరిచారు. మూసేయండి, చెవులతో వినండి అన్నాను.

ఆయమ్మ మొదట తడబడింది. తర్వాత చూపు కిటికీ వైపు తిప్పి, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది.

"పండుకునేటప్పుడు కథ ఆఖరుదాక చెప్పొద్దు. ఆఖరు తెలిస్తె మల్ల షురూ చెయ్యిమంటది. నడిమిట్ల ఆపాలె, తర్వాత ఏమైందో అనుకుంట పండుకుంటది. జరం వచ్చేముందు నుదురు కాదు, కాళ్లు సల్లగైతయి. కాళ్లు పట్టుకొని చూడాలె. ఆకలైందని చెప్పదు, కోపం చేస్తది. కోపం చేస్తె తిట్టొద్దు, అరటిపండు చేతిల పెట్టాలె. లిఫ్టు ఎక్కేటప్పుడు నా చెయ్యి గట్టిగ పట్టుకుంటది, జర భయమున్నట్టుంది. మీరు గూడ పట్టుకోవాలె."

"లిఫ్టంటే భయమా?" అతను అడ్డుపడ్డాడు. "నాతో వస్తే బటన్లన్నీ నొక్కుతుంది కదా ఆయమ్మా."

"ఏమో సారు. నా చెయ్యి అయితె ఇడువది."

ఇంకా చాలా చెప్పింది. చివరికి ఆగింది. చెప్పాలా వద్దా అన్నట్టు నా వైపు చూసింది. చెప్పమని తల ఊపాను.

"మీరు లొల్లి పెట్టుకుంటున్నప్పుడు పాప తన చెవులు మూసుకోదు అమ్మా. నా ఒళ్లకెక్కి నా చెవులు మూస్తది. నేను వినొద్దని."

"మేం గది తలుపు వేసుకునే మాట్లాడుకునేవాళ్లమండి," అంది ఆమె నాతో. తర్వాత తన మాట తనకే రుచించనట్టు చేతుల్లో ముఖం దాచుకుంది. అతను బల్ల మీద ఒక్క చోటే చూస్తూ కూర్చున్నాడు. ఏం చేయాలో తోచక పల్లి పట్టీల డబ్బా ముందుకు జరిపాను. ఎవరూ ముట్టుకోలేదు. ఆ డబ్బా అరుపులకే గానీ ఏడుపులకు పనికిరాదు.

ఆయమ్మే మళ్లీ మాట్లాడింది. "ఒక్కటే అడుగుత. నన్ను పాప నిద్రల ఉన్నప్పుడు పొమ్మనకుండ్రి."

వాళ్లు అనుకున్నది సరిగ్గా అదే. ఈ టవర్లలో ఆయమ్మలను మార్చేది అట్లాగే. పిల్ల నిద్రలోనో ఆటలోనో ఉండగా చప్పుడు కాకుండా పంపించేస్తారు, లేచాక బొమ్మ ఒకటి ఇస్తారు.

"ఏడుస్తుంది కదా ఆయమ్మా," అంది ఆమె.

"ఏడ్వనియ్యండమ్మా. చెప్పి పోతె రెండు దినాలు ఏడుస్తది. చెప్పకుంట పోతె రోజు తలుపు కాడ చూస్తది. ఇల్లు మారుతున్నది, నాయిన ఒక దిక్కు అమ్మ ఒక దిక్కు అవుతున్నరు. నేను గూడ చెప్పకుంట పోతె, ఇగ ఎవలు ఎప్పుడు పోతరో అని దానికి ఫికర్ పట్టుకుంటది."

ఇంతకంటే బాగా ఏ కోర్టులోనూ ఎవరూ వాదించగా నేను వినలేదు.

సోమవారం పిటిషన్ వేయలేదు, బుధవారం వేశాం. ఒక పేరా కొత్తగా చేర్చాను. మళ్లీ ఆలోచించుకోమని కోర్టు ఇచ్చే ఆరు నెలల గడువులో ఆయమ్మ మానదు, కొత్త ఇంటి పని ఆ తర్వాతే. పాప ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారే ప్రతిసారీ ఆవిడ వెంట వెళ్లి, ఆ పూట పక్కన ఉండి చూపిస్తుంది. శనివారం ఆవిడకు సెలవు. చివరి రోజు పాపకు ముందుగా చెప్పి, మెలకువగా ఉన్నప్పుడే వెళ్తుంది. ఆ తర్వాత నెలకొకసారి పాప ఆవిడను కలుస్తుంది. ఈ నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాయడానికి నాకు గంట పట్టింది. ఏ మాట వాడినా ఆవిడ జీతానికి వచ్చే మనిషిలాగానే కనిపిస్తోంది. చివరికి ఆయమ్మ అనే మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేశాను. విచారణ రోజు జడ్జిగారు ఆ పేరా దగ్గర ఆగి, కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి ఈవిడ ఎవరని అడిగారు. పాప సంగతి తెలిసిన మనిషి అండి అన్నాను. ఇంకేమైనా అడుగుతారేమోనని భయపడ్డాను. పేజీ తిప్పారు.

ఈ కథ ఎవరికి చెప్పినా, చివరికి ఇద్దరూ కలిశారా అని అడుగుతారు. కలవలేదు. ఆరు నెలల తర్వాత విడాకులు వచ్చాయి. అయితే ఆ ఆరు నెలలూ శుక్రవారం సాయంత్రం అతను వచ్చి, ఆమె ఇంటి గుమ్మంలో నిలబడి, వారం సంగతులన్నీ వినేవాడట. ఆదివారం ఆమె వినేది. ఆయమ్మ ఇద్దరికీ ఆ అలవాటు చేసింది. ఫోన్లో మెసేజ్ పెట్టుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. "పెడితే చదివేసి మర్చిపోతానండి," అంది ఆమె.

చివరి రోజుకు రెండు రోజుల ముందు ఆమె ఫోన్ చేసింది. "ఆయమ్మ ఎల్లుండి వెళ్తున్నారండి. మీరు రావాలి. మీ అమ్మగారిని కూడా తీసుకురండి." అంతకు ముందు ఆయమ్మ వస్తుంది, వెళ్తుంది అనే మనిషి ఇప్పుడు వెళ్తున్నారు అంది. ఏ ముహూర్తానికీ పిలవని నన్ను ఈ అప్పగింతలకు పిలిచారు. అమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని పొద్దున్నుంచే సిద్ధంగా కూర్చుంది.

పంతొమ్మిదో అంతస్తు. అతను కూడా వచ్చాడు, కాళ్లు ముడుచుకుని ఒక మూల పాపతో బొమ్మలాడుతున్నాడు. వారం రోజులుగా ఆయమ్మ పాపకు రోజూ చెబుతూనే ఉందట, ఇంకో చిన్న పాపను చూసుకోవడానికి పోతున్నానని. ఆ ఏడుపు పొద్దున్నే అయిపోయింది. కళ్లు ఉబ్బి, ముక్కు ఎర్రగా ఉన్నా పాప భోజనాల దగ్గర బాగానే తిన్నది. ఆయమ్మ ఆఖరిసారి జడలు వేసి, రిబ్బన్లు కట్టి, తల్లి దగ్గరికి ఒకసారి, తండ్రి దగ్గరికి ఒకసారి పంపింది. మా అమ్మ ఇదంతా చూస్తూ కూర్చుంది.

ఆయమ్మ భర్త కోకాపేటలో కట్టే ఒక బిల్డింగ్ దగ్గర సెక్యూరిటీ. భార్యను తీసుకుపోవడానికి డ్యూటీ డ్రెస్‌లోనే వచ్చి, లోపలికి రమ్మంటే మొహమాటపడి లిఫ్టు దగ్గరే నిలబడ్డాడు. మేమందరం అక్కడిదాకా వెళ్లాం. పాప ఆయమ్మ చెయ్యి పట్టుకుని నడిచింది. లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. పాప ఆ చెయ్యి వదల్లేదు. ఏడుస్తుందేమోనని తల్లి ఒక అడుగు ముందుకు వేసింది. పాప తలెత్తి ఆ పెద్దమనిషిని చూసింది.

"తాతా, ఆయమ్మకు లిఫ్టంటె భయం. చెయ్యి గట్టిగ పట్టుకోవాలె. ఇడువొద్దు."

ఆయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నిజమే మేడం," అంది నాతో, చిన్నగా. "మొదటి దినం సంది భయమే. ఎవలకు చెప్పలె."

మూడేళ్లకు పైగా ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో అప్పుడు తెలిసింది. ఆ పెద్దమనిషి అందరి ముందూ సిగ్గుపడి, ప్యాంటుకు అరచెయ్యి తుడుచుకుని ముందుకు చాపాడు. పాప ఆయమ్మ చెయ్యి తీసి అందులో పెట్టింది. వాళ్లు లోపలికి వెళ్లారు, తలుపులు మూసుకున్నాయి. పాప వెనక్కి తిరిగి ఒక చేత్తో తల్లినీ ఒక చేత్తో తండ్రినీ పట్టుకుని ఇంట్లోకి నడిచింది.

మా అమ్మ అక్కడే నిలబడి కళ్లు తుడుచుకుంది. "మంచిగ అప్పజెప్పింది పిల్ల," అంది.